ప్రతిధ్వనితో నీటిమట్టం కొలత

లోతైన బావి గట్టున నిలిచి కేక వేస్తే, ఆ కేక కొంత ఆలస్యంగా తిరిగి మన చెవిన పడుతుంది. బావి లోతు పెరిగినకొద్దీ ఆ ఆలస్యమూ పెరుగుతుంది. దానిని సరిగా లెక్కించగలిగితే, తాడు వదలకుండానే నీరు ఎంత దూరాన ఉన్నదో చెప్పవచ్చును. కాని మన చెవికి అంతటి చురుకుదనం లేదు. పది మీటర్ల లోతునుండి ప్రతిధ్వని రావడానికి సెకండులో పదిహేడవ వంతు చాలును. సెకండులో పదవ వంతుకంటె తక్కువ వ్యవధిలో వచ్చిన రెండు ధ్వనులను చెవి సాధారణంగా వేరుచేయలేదు. ఈ పనిని ఈనాడు నూరు రూపాయలకు అటూ ఇటూగా దొరికే ఒక చిన్న పరికరం చేస్తున్నది. పాఠశాల విద్యార్థులు, రేడియో మరమ్మతులలో చేయి తిరిగినవారు, ఇంట్లో విద్యుత్ పరికరాలు కూర్చే సరదా ఉన్నవారు దీనిని తరచుగా వాడుతున్నారు. దీనిని అతిధ్వని దూరమాపకం అనవచ్చును.

మనిషి చెవి సుమారు 20 కిలోహెర్ట్జ్ వరకే వినగలదు. అంతకు మించిన ధ్వనులు అతిధ్వనులు. ఈ పరికరం పలికేది 40 కిలోహెర్ట్జ్ వద్ద. శ్రోతలు దీనిని రేడియో తరంగంగా పొరబడరాదు. హైదరాబాదు కేంద్రపు మధ్యతరంగ ప్రసారం 738 కిలోహెర్ట్జ్‌పై వెలువడుతూ వచ్చినది; అది విద్యుదయస్కాంత తరంగం, సెకండుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. మన పరికరంనుండి వెలువడేది కేవలం గాలి కదలిక. దాని వేగం సెకండుకు సుమారు 343 మీటర్లు మాత్రమే. ఈ మందగమనమే మనకు మేలు చేస్తున్నది. ధ్వని నెమ్మదిగా పోవుటవల్లనే, దాని రాకపోకల కాలాన్ని చవకైన యంత్రం కూడా కొలవగలుగుతున్నది.

ఈ ఉపాయం ప్రకృతిలో గబ్బిలానికి ఏనాడో తెలుసు. 1793 ప్రాంతంలో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్పాలంజానీ, చూపు లేని గబ్బిలం తడబడకుండా ఎగరగలదని గమనించాడు. చెవులు మూసిన గబ్బిలం మాత్రం దారి తప్పుతుందని తరువాతి ప్రయోగాలలో తేలినది. 1880లో ఫ్రాన్సులో క్యూరీ సోదరులు, కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని కనుగొన్నారు. విద్యుత్తునిస్తే అవే స్ఫటికాలు కంపిస్తాయి కూడా. మొదటి ప్రపంచయుద్ధకాలంలో లాంజెవిన్ ఈ గుణాన్ని ఉపయోగించి, నీటి అడుగున జలాంతర్గాములను ప్రతిధ్వనితో పసిగట్టే సాధనానికి రూపమిచ్చాడు. మన చిన్న పరికరంలోని రెండు గుండ్రని కళ్ళలో ఉన్నదీ అటువంటి బిళ్ళలే. ఒకటి పలుకుతుంది, రెండవది వింటుంది.

ఎక్కువగా దొరికే నమూనా పేరు హెచ్‌సీ-ఎస్‌ఆర్04. దానికి నాలుగు తీగలు. ఒకటి 5 వోల్టుల విద్యుత్తుకు, ఒకటి భూమికి, ఒకటి ఆజ్ఞకు, ఒకటి సమాధానానికి. ఆజ్ఞ తీగపై 10 మైక్రోసెకండ్ల స్పందన ఇస్తే, పరికరం ఎనిమిది అతిధ్వని కంపనాలను ఒక గుచ్ఛంగా విడుస్తుంది. వెనువెంటనే సమాధాన తీగపై వోల్టేజి లేస్తుంది. ప్రతిధ్వని అందగానే పడిపోతుంది. అది ఎంతసేపు లేచి ఉన్నదో చిన్న నియంత్రక బోర్డు కొలుస్తుంది. ధ్వని ఒక సెంటీమీటరు పోయి రావడానికి 58 మైక్రోసెకండ్లు పడుతుంది. కనుక వచ్చిన కాలాన్ని 58తో భాగిస్తే దూరం సెంటీమీటర్లలో వస్తుంది. 8,700 మైక్రోసెకండ్లు వచ్చినదనుకొందాం. దూరం 150 సెంటీమీటర్లు. ఈ నమూనా 2 సెంటీమీటర్లనుండి 4 మీటర్ల వరకు కొలవగలదని తయారీదారులు చెపుతారు. బోర్డు 3.3 వోల్టులదైతే సమాధాన తీగను నేరుగా కలపరాదు. వెయ్యి ఓముల నిరోధకాన్ని తీగకు వరుసగా, రెండువేల ఓముల నిరోధకాన్ని బోర్డు కొసనుండి భూమికి కలిపితే 5 వోల్టులు సుమారు 3.3కు దిగుతాయి.

ఇక దీనిని ఎక్కడ వాడవలెనన్న ప్రశ్న. ఓరుగల్లు ప్రాంతం కాకతీయులనాటినుండి చెరువుల సీమ. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలో ఉండి, 2016నుండి మహబూబాబాదు జిల్లాలో చేరిన కేసముద్రం పరిసరాలలో కూడా వ్యవసాయం చెరువునూ బావినీ నమ్ముకొన్నదే. 2024 ఆగస్టు 31వ తేదీ రాత్రి కురిసిన కుండపోత వర్షానికి ఇంటికన్నె, కేసముద్రం స్టేషన్ల మధ్య రైలు పట్టాల క్రింది కంకర కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడినవి. కాజీపేట, విజయవాడల మధ్య రాకపోకలు స్తంభించినవి. అటువంటి రాత్రి ఊరివారికి కావలసినది ఒక్క సమాచారం: చెరువులో నీరు ఎంత వేగంగా ఎక్కుతున్నది, మత్తడి దూకడానికి ఇంకా ఎంత వ్యవధి ఉన్నది? చీకటిలో, వానలో, కట్టపై నడిచిపోయి కర్రతో కొలవడం ప్రాణాపాయం.

పరికరాన్ని తూముగట్టున, మత్తడి మట్టానికి సరిగా 120 సెంటీమీటర్ల ఎత్తున, ముఖం క్రిందికి ఉండేటట్లు బిగించినామనుకొందాం. రాత్రి ఎనిమిది గంటలకు 150 చూపినది. అంటే నీరు మత్తడికి 30 సెంటీమీటర్లు తక్కువ. తొమ్మిదికి 140 చూపినది. గంటకు పది సెంటీమీటర్ల చొప్పున నీరు ఎక్కుతున్నది. ఇదే వేగం కొనసాగితే పదకొండు గంటలకు మత్తడి దూకుతుంది. వాన హెచ్చితే ఇంకా ముందే దూకవచ్చును. కనుక గంట మోగవలసినది నీరు మత్తడిని తాకినప్పుడు కాదు, ఎక్కే వేగం హద్దు మీరినప్పుడు. క్రింది వాడవారికి, పశువులను విప్పుకొనేందుకు, ఆ రెండు గంటలే విలువైనవి.

అయితే ఈ కొలతను కన్ను మూసుకొని నమ్మరాదు. గాలి వేడెక్కినకొద్దీ ధ్వని వేగం పెరుగుతుంది. 20 డిగ్రీల వద్ద 343 మీటర్లు ఉన్న వేగం, మన మండువేసవిలో 45 డిగ్రీల వద్ద 358 దాటుతుంది. అప్పుడు నిజంగా 3 మీటర్ల దూరాన ఉన్న నీటిని యంత్రం 287 సెంటీమీటర్లుగా చూపుతుంది. అనగా నీరు 13 సెంటీమీటర్లు ఎక్కినట్లు భ్రమ కలుగుతుంది. ప్రక్కన ఒక చిన్న ఉష్ణమాపకాన్ని అమర్చి లెక్కను సవరించుకొంటే ఈ దోషం చాలవరకు తొలగుతుంది.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. ధ్వని సన్నని గీతగా గాక గొట్టపు మూతి వలె విస్తరించి పోతుంది. దారిలో మెట్టు గాని, తుమ్మకొమ్మ గాని ఉంటే ముందుగా దాని ప్రతిధ్వనే వస్తుంది. పరికరం వాలుగా ఉంటే ప్రతిధ్వని మరోవైపు పోతుంది. అలలు, నురుగు, తేలియాడే గడ్డి కూడా కొలతను చెదరగొడతాయి. అందుచేత ఒక్క కొలతను గాక, వరుసగా పదకొండు కొలతలు తీసుకొని, వాటిని చిన్నదానినుండి పెద్దదానికి పేర్చి, నడిమిదానిని గ్రహించవలెను. ఒక కొలతకూ మరొక కొలతకూ నడుమ 60 మిల్లీసెకండ్లైనా విరామం ఇవ్వవలెను; లేకపోతే మునుపటి కేక ప్రతిధ్వనిని కొత్త కేకదిగా పొరబడుతుంది.

రెండు కళ్ళ నమూనా తడికి ఆగదు. ఆరుబయట, కారు వెనుక అమర్చే సెన్సరు వంటి ఒంటికన్ను నమూనా వాడుట మంచిది. దానిలో పలికేదీ వినేదీ ఒకే బిళ్ళ. పలికిన కంపనం అణగేవరకు అది వినలేదు కనుక, సుమారు 25 సెంటీమీటర్లకంటె దగ్గరి వస్తువును కొలవజాలదు. నీరు అంత దగ్గరకు రానంత ఎత్తున దానిని బిగించవలెను.

పెద్ద నదులపై ప్రభుత్వ శాఖలు రాడారు కొలమానులను నెలకొల్పుతున్నవి. అవి రేడియో తరంగాలతో పనిచేస్తాయి కనుక గాలి వేడిమి వాటిని అంతగా బాధించదు. ఖరీదు మాత్రం వేలు, లక్షలు. వాటికి మన చిన్న పరికరం సాటి రాదు. రైలు మార్గాన్ని గాని ఊరిని గాని దీనికే అప్పగించి నిద్రపోవడం తగదు. చిన్న చెరువు వద్ద నీరటికి తోడుగా, ఇంటి మిద్దెపై నీళ్ళ తొట్టెకు కాపలాగా ఇది చక్కగా పనికివస్తుంది. తూము ప్రక్కన గుర్తులు వేసిన కొలకర్రను తప్పక నాటి, వారానికొకసారి యంత్రం చూపినదానిని కర్రతో సరిచూడవలెను. రెండింటికీ తేడా వచ్చినచో కర్రనే నమ్మి, పరికరాన్ని దించి పరీక్షించవలెను. వర్షాకాలం ముందు ఈ పని చేసి ఉంచుకొన్నవారికి వాన రాత్రి గంట మోగినప్పుడు సందేహం ఉండదు.