వత్తు నిలువదగిన తెర

ఇంటి పడసాలలో ఒక మూలను కార్యాలయముగా మార్చుకొని, హైదరాబాదు బెంగుళూరు కంపెనీల కొలువును నంద్యాల సీమలోని గోస్పాడునుండియే నెఱవేర్చుచున్న యువకులు, ల్యాప్‌టాపునకు తోడుగా ఒక పెద్ద మానిటరును కొనబూనినపుడు మొట్టమొదట అడుగునది అంగుళముల లెక్క. టీవీలు కొన్న అలవాటు అట్టిది. ఆ ప్రశ్న తప్పుగాదు గాని చాలదు; తెలుగు చదువువారికి మఱియు చాలదు. ఎందులకు చాలదో తెలియవలెనన్న, ఈ యంత్రము పుట్టి పెరిగిన వృత్తాంతమును కొంత వినవలసియున్నది.

1897లో స్ట్రాస్‌బర్గు నగరమందు కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను జర్మను భౌతికశాస్త్రజ్ఞుడు, గాలి తీసివేసిన గాజునాళములో పరుగెత్తు ఋణకిరణమును అయస్కాంతముతో వంచి, అది తగిలినచోట మెఱయు పూతగల పలకపై విద్యుత్తుయొక్క హెచ్చుతగ్గులను కంటికి కనబడునట్లు చేసెను. పండ్రెండేండ్లకు మార్కోనీతో కలిసి ఆయన నోబెల్ బహుమానము పొందినది నిస్తంత్రీ వార్తాప్రసారమునకే గాని, ఇంటింట వెలసిన ఈ నాళమునకు గాదు. ఆ నాళమే తరువాత టెలివిజను అయినది. 1967లో హైదరాబాదున స్థాపితమై, పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావుగారి చేతులమీదుగా రూపుదిద్దుకొన్న ఇ.సి.ఐ.ఎల్. సంస్థ, 1969లో టీడీసీ-12 అను కంప్యూటరును, అటుపిమ్మట ఈసీ టీవీలను తయారుచేసి, ముందుముందు ఒకే బల్లపైకి చేరబోవు రెండు వస్తువులను ఒకే ప్రాంగణమున పెంచినది. 1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు సాగిన సైట్ ప్రయోగములో, ఆంధ్రప్రదేశముతో కూడ ఆరు రాష్ట్రములకు చెందిన 2,400 గ్రామములకు ఉపగ్రహమునుండి బొమ్మలు దిగినవి. టూరింగు టాకీసులో తమ వెనుకనుండి వచ్చి తెరపై పడు వెలుగునకు అలవాటుపడిన పల్లెజనమునకు, తనంతట తానే వెలుగు తెర ఆనాడు కొత్త వింత.

కంప్యూటరునకు బల్లమీది తెర కుదిరినపుడు అది రోమను లిపికి కొలిచి కుట్టించినదిగా కుదిరినది. 1981లో ఐ.బి.ఎం. తన వ్యక్తిగత కంప్యూటరుతో అమ్మిన పచ్చని అక్షరముల మానిటరుపై అడ్డముగా 720, నిలువుగా 350 చుక్కలు మాత్రమే ఉండెను. ఒక్కొక్క అక్షరమునకు 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తుగల గది కేటాయించి, వరుసకు 80 అక్షరముల చొప్పున 25 వరుసలు పేర్చిరి. ఆ గదిలో ఏ రోమను అక్షరమైనను హాయిగా కాపురముండును. మన "స్త్రీ" అట్లు ఉండగలదా? పైన గుడిదీర్ఘము, నడుమ సకారము, క్రింద తకారపు వత్తు, దానిని ఒరసికొని రేఫపు వత్తు. పదునాలుగు చుక్కలలో ఇంత సంసారము ఇమడదు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మొలకెత్తి పూనా సి-డాక్‌లో పెరిగిన జిస్ట్ కార్డు, కంప్యూటరు లోపల అమర్పబడి, భారతీయ లిపులకు తెరపై చోటు కల్పించినది. కార్డు అక్షరమును గీయగలదే గాని తెరకు లేని చుక్కలను పుట్టింపజాలదు గదా!

ఇక నేటి మానిటరు శరీరమునకు మూలము వేఱొక వంశము. 1888లో ప్రాగు నగరమున ఫ్రీడ్రిష్ రైనిట్జర్ అను వృక్షశాస్త్రజ్ఞుడు క్యారట్‌నుండి తీసిన కొలెస్టరాలుతో ఒక పదార్థమును చేసి వేడిచేయగా, అది 145 డిగ్రీల దగ్గర కరగి మబ్బుగా నిలిచి, 178 డిగ్రీలు దాటినపుడు గాని తేటపడలేదు. ద్రవమువలె పారుచు, అణువులు మాత్రము స్ఫటికమందువలె ఒక దిక్కునకు తలలు త్రిప్పియుండు ఈ మధ్యావస్థయే ద్రవస్ఫటికము. ఇది ఎనుబదియేండ్లు ప్రయోగశాల వింతగానే ఉండిపోయినది. 1970లో స్విట్జర్లాండున షాట్, హెల్ఫ్రిష్ అనువారు రెండు గాజుపలకల నడుమ ఆ అణువులను తొంబది డిగ్రీలు మెలివెట్టి నిలిపి, విద్యుత్తు తగిలినపుడు మెలిక విడిపోవునట్లు చేసి, వెలుగును వదలుటయు ఆపుటయు సాధించిరి.

నంద్యాల ఎండ ఎఱిగినవారికి ఇక్కడ ఒక సందేహము కలుగవలెను, కలిగినచో అది ఎంతయు సమంజసము. ఇంగ్లాండులోని హల్ విశ్వవిద్యాలయమందు జార్జి గ్రే 1970 దశాబ్దపు ఆదిలో తయారుచేసిన ప్రసిద్ధ ద్రవస్ఫటికము 35 డిగ్రీల దగ్గరనే తన క్రమమును కోల్పోయి మామూలు ద్రవమగును. మే నెలలో నలుబది దాటు నంద్యాల సీమలో, రేకుల కప్పు క్రింద, అట్టి తెర పట్టపగలే చచ్చియుండెడిది. దాని జాతికే చెందిన పదార్థములను తగుపాళ్లలో కలిపినచో, సున్నకు దిగువనుండి సుమారు 60 డిగ్రీలవరకు క్రమము చెడని మిశ్రమము లభించునని పీటర్ రేన్స్ అను శాస్త్రజ్ఞుడు కనుగొనుటచేతనే, ఇప్పటి మానిటరు మన వేసవిని సహించుచున్నది. నా మట్టుకు, ఈ వృత్తాంతమంతటిలో ఆ కలపువిద్యకు దక్కిన కీర్తి మిక్కిలి తక్కువ.

ఇప్పుడు అంగుళముల మాట. మా అన్నగారి కుమారుడు, "చిన్నాయనా, ఇరవైయేడు అంగుళాలది పదివేల చిల్లరకే వస్తాంది, ఇంకేం గావల్ల నీకు?" అని వాదించెను. ఆ తెరలోను ఇరువదినాలుగంగుళముల తెరలోను చుక్కలు 1920×1080 మాత్రమే, అనగా 20,73,600. పెద్దదానిలో అవియే సాగి, ఒక్కొక్కటి 0.31 మిల్లీమీటరగును; చిన్నదానిలో 0.28. అరువది సెంటీమీటర్ల దూరమునుండి చక్కని కన్ను 0.17 మిల్లీమీటరు వఱకు వేఱుచేసి చూడగలదు గనుక, అక్షరపు అంచు రంపపు పండ్లుగా కనబడుట పెద్ద తెరలోనే ఎక్కువ. ద, ధ, థ లకు భేదము ఒక చిన్న గీతయో, కడుపులోని చుక్కయో మాత్రమే. అడంగలులోని పేరును గాని, సర్వేసంఖ్య ప్రక్కనున్న పొలము పేరును గాని దినమంతయు చదువువానికి ఆ గీత తెలియకపోవుట చిన్న సంగతి కాదు. ఆళ్లగడ్డ శిల్పి విగ్రహపు కనుబొమ్మకు మోటు ఉలి పట్టడు గదా! ఇరువదియేడంగుళములే కావలెనన్న 2560×1440 చుక్కలున్నది తీసికొనవలెను, చుక్క 0.23కు దిగును. 3840×2160 అయినచో 0.16, కాని అట్టిదానిపై అక్షరములను నూటికి నూటయేబది వంతున పెంచుకొననిచో అవి చీమలబారులగును. పెంచుకొన్నపుడు పదునాఱు చుక్కల అక్షరము ఇరువదినాలుగు చుక్కలతో గీయబడి, వత్తులు తమ తావున నిలుచును.

పలక జాతి విషయము త్వరగా తేలును. ప్రక్కనుండి చూచినను రంగు మాఱని ఐ.పి.ఎస్. పలకను 1996లో హిటాచీ వెలువరించినది. కార్యాలయపు పనికి అదియే తగినది. నలుపు గాఢముగా కావలసినవారు వి.ఏ. పలకను చూడవచ్చును. వాకిలికి ఎదురుగా బల్ల వేసికొనువారు అద్దపు మెఱుపుగల తెరను ముట్టకుండుటయే మేలు. పగటివేళ వారికి పనికన్న వాకిలియే ఎక్కువ కనబడును.

దుకాణములో తెరపై రంగురంగుల చేపలను, సముద్రములను త్రిప్పి చూపుదురు. వానిని ఆపించి, ఒక తెలుగు పత్రము తెఱపించి, చేయిచాచు దూరమున కూర్చుండి "రాష్ట్రము" అను మాట వెదకి చూడవలెను. కొనుటకు ముందు ల్యాప్‌టాపు ప్రక్కనున్న కన్నమును గూడ విచారింపవలెను: హెచ్.డి.ఎం.ఐ. 1.4 తరమునకు చెందినదైనచో 3840×2160 తెరకు క్షణమునకు 30 చిత్రములకన్న ఎక్కువ పంపజాలదు. మౌసు బాణము ఈడ్చినట్లు నడచును. అట్టి ల్యాప్‌టాపు కలవాడు 2560×1440 దగ్గర ఆగి, మిగిలిన సొమ్మును ఎత్తు సరిచేయగల స్టాండునకు వెచ్చించినచో అతని మెడ బాగుపడును.