ఏసీ కంప్రెసర్ మార్చేముందు పుల్లీ బేరింగ్ చూడండి!

కారు బానెట్‌లో గరగర సౌండ్ వస్తోందా? "కంప్రెసర్ మొత్తం మార్చాలి" అంటే వెంటనే ఓకే అనకండి. ముందు ఏసీ ఆఫ్ చేసి వినండి. క్లచ్ ఉన్న కంప్రెసర్‌లో ఏసీ ఆఫ్‌లో ఉన్నా పుల్లీ తిరుగుతూనే ఉంటుంది. అప్పుడూ సౌండ్ వస్తే పుల్లీ బేరింగ్‌ని అనుమానించాలి. ఏసీ వేసినప్పుడే వస్తే లోపల ప్రాబ్లం ఉండొచ్చు.

కన్ఫర్మ్ చేసుకోవాలా? ఇంజిన్ ఆపి, బెల్ట్ తీయించి, పుల్లీని చేత్తో తిప్పండి. గరుకుగా తిరిగినా, ఊగినా బేరింగ్ పోయినట్టే. పుల్లీ కంప్రెసర్ బయటే ఉంటుంది కాబట్టి, మామూలుగా గ్యాస్ తీయాల్సిన పనిలేదు. అదే నంబర్ బేరింగ్ ప్రెస్ చేయించి, క్లచ్ గ్యాప్ సెట్ చేయిస్తే చాలు.

కానీ లేట్ చేయొద్దు. చాలా కార్లలో ఆల్టర్నేటర్‌నీ, కొన్నింట్లో వాటర్ పంప్‌నీ అదే బెల్ట్ తిప్పుతుంది. బేరింగ్ జామై బెల్ట్ తెగితే బండి రోడ్డు మీదే ఆగిపోవచ్చు!