రిలే ఫర్ లైఫ్ ఆఫ్ సెకండ్ లైఫ్

సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ లోకంలో అవతార్లు ట్రాక్ చుట్టూ నడుస్తూ అమెరికన్ క్యాన్సర్ సొసైటీకి విరాళాలు పోగుచేసే వార్షిక కార్యక్రమం ఇది. నడిచేవి బొమ్మలే, వచ్చేది మాత్రం నిజం డబ్బు.

దీనికి మూలం నేల మీద నడకే. 1985లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో గోర్డన్ క్లాట్ అనే సర్జన్ స్టేడియం ట్రాక్ మీద 24 గంటలు తిరిగి 27 వేల డాలర్లు సేకరించారు. లిండెన్ ల్యాబ్ 2003లో తెచ్చిన సెకండ్ లైఫ్‌కి ఆ నడక కొద్దికాలానికే చేరింది.

అక్కడ చెల్లేది లిండెన్ డాలర్. అసలు డాలరు పెడితే ఇవి సుమారు 250 వస్తాయి. జట్లు హుండీల్లాంటి పెట్టెలు పెడతాయి. అవతార్ల దుస్తులు, ఇళ్లు తయారుచేసేవాళ్లు కొన్ని సరుకుల రాబడి మొత్తం ఇచ్చేస్తారు. కచేరీలు, వేలంపాటలు సరేసరి. పడేది చిల్లరే అయినా, ఇన్నేళ్లలో మొత్తం పది లక్షల డాలర్లు ఎప్పుడో దాటింది. అదంతా డాలర్లుగా మారి సొసైటీకి చేరుతుంది. పరిశోధనతో పాటు రోగుల సాయానికీ ఖర్చవుతుంది.

మంచం దిగలేని రోగి కూడా ఇందులో నడవగలగడం, నా మటుకు, డబ్బు కంటే పెద్ద సంగతి. ఇవ్వదలిస్తే మాత్రం, ఆ పెట్టె అధికారిక జట్టుదేనా అని ముందు చూసుకోండి.