పెద్దబాతు పిల్లలకు సోకు మారి రోగము – దాని నివారణము

పెద్దబాతులను పెంచు రైతునకు, పిల్ల గ్రుడ్డునుండి వెలువడిన పిమ్మట మొదటి నాలుగు వారములు గండకాలము. ఆ కాలమున సోకు అంటురోగములలో మిక్కిలి ప్రాణాంతకమైనది పార్వోవైరస్ అను అతి సూక్ష్మమైన విషక్రిమి వలన కలుగు రోగము. మాంసమునకును ఈకలకును పెద్దబాతులను మందలుగా పెంచు దేశములలో దీనివలన కలుగు నష్టము అపారము. చైనాలో 1956లో ఫాంగ్ డింగ్‌యీ అను శాస్త్రజ్ఞుడు దీనిని గుర్తించెను. అచ్చటివారు దీనిని 'బాతుపిల్లల మారి' యని వ్యవహరింతురు. హంగరీ దేశపు శాస్త్రజ్ఞుడైన డెర్జీ దీనిని విపులముగా పరిశోధించినందున ఐరోపాలో దీనికి డెర్జీ రోగమను పేరు కలిగెను.

వయస్సును బట్టి తీవ్రత: మొదటి వారములో రోగము తగిలిన పిల్లలలో దాదాపు అన్నియు చచ్చును. వయస్సు పెరిగిన కొలది చావులు తగ్గును. నాలుగైదు వారములు దాటిన పిల్లలు చచ్చుట అరుదు. పెద్ద పక్షులలో రోగచిహ్నమేదియు పైకి కానరాదు. కోళ్లకు ఈ రోగము రాదు గాని మస్కోవీ జాతి బాతుపిల్లలకు వచ్చును.

లక్షణములు: పిల్ల మేత మాని, నీరు మాత్రము త్రాగుచు, మందకొడిగా పడియుండును. కంటినుండియు ముక్కునుండియు నీరు కారును. రెప్పలు ఎఱ్ఱబారి వాచును. తెల్లని విరేచనములగును. నాలుకపై తెల్లని పొర యేర్పడవచ్చును. కొంత కాలము బ్రదికిన పిల్లలకు మెడమీదను వీపుమీదను నూగు రాలి చర్మము ఎఱ్ఱగా కనబడును. అవి గిడసబారి పోవును. చచ్చినదానిని కోసి చూచిన, చిన్నప్రేగులో గట్టిపడిన పదార్థము బిరడావలె అడ్డుపడి యుండుట పలుమారు కాననగును.

వ్యాపించు విధము: రోగిపక్షుల రెట్టలో ఈ క్రిమి విస్తారముగా వెలువడి మేతను, నీటిని, నేలను చెఱచును. పైకి ఆరోగ్యముగా కనబడు తల్లిపక్షి లోపల క్రిమిని దాచుకొని, గ్రుడ్డు ద్వారా పిల్లకు అంటింపవచ్చును. అట్టి గ్రుడ్డు ఒక్కటి పొదుగుయంత్రములో చేరిన, తక్కిన పిల్లలకెల్ల రోగము ప్రాకును. ఈ క్రిమి మొండిది. 65 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అరగంట యుంచినను చావదు. కావున వేడినీటితో కడిగినంత మాత్రమున గూడు శుద్ధి కానేరదు.

ఒకే ఊరిలో ఒక పొదుగు పిల్లలన్నియు చచ్చి, మరియొక పొదుగు పిల్లలు బ్రదుకుట కలదు. దీనికి చలియని, దిష్టియని కారణములు చెప్పుట పొరపాటు. తల్లికి ఈ రోగమునెడ నిరోధకశక్తి యున్నచో అది గ్రుడ్డుసొన ద్వారా పిల్లకు సంక్రమించి, మొదటి వారములలో దానిని కాపాడును. తల్లికి లేని శక్తి పిల్లకు రాదు.

నివారణోపాయములు: రోగము పట్టిన పిదప క్రిమిని చంపు మందు లేదు. పెన్సిలిన్ వంటి మందులు ఈ క్రిమిపై పనిచేయవు. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొన్న లాభమేమి? కావున ముందుగనే ఈ జాగ్రత్తలు తీసికొనవలయును.

1. ఈ రోగమున్న ప్రాంతములలో, గ్రుడ్లు పెట్టుటకు పూర్వమే తల్లిపక్షులకు టీకాలు వేయింపవలయును.

2. వేర్వేరు మందల గ్రుడ్లను ఒకేచోట కలిపి పొదిగింపరాదు.

3. ప్రతి పొదుగు ముగిసిన వెంటనే రెట్టను, గ్రుడ్డుపెంకులను తొలగించి, పిమ్మట పశువైద్యుడు చెప్పిన క్రిమిసంహారక ద్రవముతో గూటిని శుద్ధి చేయవలయును.

4. పిల్లలను మొదటి నాలుగు వారములు పెద్దపక్షులకు దూరముగా ఉంచవలయును.

5. రోగము సోకి బ్రదికిన పక్షులను గ్రుడ్లకొఱకు నిలుపుకొనరాదు. చచ్చినవానిని చెరువులోనో కాలువలోనో పారవేయక, లోతుగా పాతిపెట్టవలయును.

పిల్లల చావులన్నియు ఈ రోగము వలననే యని తలంపరాదు. హంగరీలో 1969లో గుర్తింపబడిన మరియొక రోగము నాలుగు మొదలు పది వారముల పిల్లల మూత్రపిండములను చెఱచును. చైనాలో 2017 ప్రాంతమున ప్రబలిన ఆస్ట్రోవైరసు వలన కీళ్లలోను లోపలి అవయవములపైనను సున్నమువంటి తెల్లని పదార్థము పేరుకొనును. ఇవి వేర్వేరు రోగములు. కావున చావులు మొదలైన దినముననే చచ్చిన పిల్లను పశువైద్యునికి చూపి రోగమును నిర్ణయింపజేసికొనవలయును. ఒక దినము జాగు చేసినచో ఆ పొదుగంతయు చేజారవచ్చును.