కారే కప్పు, తీరని అప్పు

వానాకాలం వస్తే పెంకుటింటికి పరీక్ష. ఒక్క పెంకు పగిలినా చాలు, ఇంట్లోకి ధార పడుతుంది. ధార పడిన చోట వాసం నానుతుంది. నానిన వాసానికి చెదలు పడతాయి. రెండు మూడేళ్లు చూసీ చూడనట్టు ఊరుకుంటే దూలం దాకా వస్తుంది. ఈ సంగతి ఏ ఇల్లాలికీ చెప్పక్కర్లేదు. గిన్నెలు, బకెట్లు పెట్టి నీళ్లు పట్టేది ఆమే కదా!

అయితే చాలా ఇళ్లల్లో కప్పు కారే నాటికే నెత్తిన అప్పు ఉంటుంది. నెలనెలా కంతులు కడుతూ ఉంటారు. చేతిలో డబ్బు మిగలదు. అప్పుడు చూపు ఇంటి కాగితాల మీదికి పోతుంది. ఇల్లు తనఖా పెట్టి పెద్ద మొత్తం తెస్తే, ఇల్లూ బాగవుతుంది, పాత బాకీలూ తీరిపోతాయి అనిపిస్తుంది. నిజంగా తీరిపోతాయా?

లెక్క చూద్దాం

ఒక కుటుంబం ఉందనుకుందాం. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, ముసలి అత్త. ఉన్నది ఒక పెంకుటిల్లు. కూలి పని మీద బతుకుతారు.

మామకు జబ్బు చేసినప్పుడు ఊళ్లో రెండు చోట్ల ప్రోనోట్లు రాసి అప్పు తెచ్చారు. ఒక చోట 40,000 రూపాయలు. నూటికి మూడు రూపాయల వడ్డీ. ఇంకో చోట 20,000. నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే నెలకు 1,200, 400. కలిపి 1,600 రూపాయలు. సంవత్సరానికి 19,200. ఇంత కట్టినా అసలు ఒక్క రూపాయి తగ్గదు.

నూటికి మూడు రూపాయలంటే చిన్న మాటలాగే ఉంటుంది. కానీ అది ఒక్క నెలకు. పన్నెండు నెలలకు నూటికి 36 రూపాయలు. బ్యాంకులో వడ్డీ సంవత్సరానికి చెబుతారు. ఊళ్లో నెలకు చెబుతారు. రెండూ పోల్చాలంటే ఊరి వడ్డీని పన్నెండుతో హెచ్చవేయాలి. 2004లో మహిళా సంఘాలకు వచ్చిన పావలా వడ్డీ అంటే కూడా ఇదే లెక్క. నెలకు నూటికి పావలా, ఏడాదికి మూడు రూపాయలు.

ఈ రెండు అప్పులు కాక, ఇంటి కాగితాలు పెట్టి బ్యాంకులో తెచ్చిన అప్పు ఇంకా 50,000 ఉంది. దాని వడ్డీ నూటికి రూపాయి పడుతుంది. నెలకు దాదాపు 1,100 రూపాయల కంతు. అందులో వడ్డీ పోగా మిగిలింది అసలుకు జమ అవుతుంది.

వడ్డీలు కట్టలేక ఆ ఇల్లాలు ఊరి పెద్దమనుషుల దగ్గరికి పోయింది. అప్పులిచ్చిన ఇద్దరినీ పిలిపించారు. "పెదనాయనా, ఎగ్గొట్టను. వడ్డీ ఆపండి. అసలు నెలనెలా కట్టేస్తాను" అని అడిగింది. అప్పు ఇచ్చినవాళ్లకు కూడా కోర్టుల చుట్టూ తిరగడం కంటే అసలు చేతికి రావడమే మేలు. అందుకని ఒప్పుకున్నారు. అందరూ ఇలా ఒప్పుకుంటారని కాదు. కొందరు వడ్డీ పూర్తిగా ఆపరు, తగ్గిస్తారు. తగ్గించినా లాభమే. అడగడానికి సిగ్గుపడితే ఆ లాభం కూడా ఉండదు.

ఒకరికి నెలకు 2,000. ఇంకొకరికి 1,000. ఇరవై నెలల్లో రెండూ తీరిపోవాలి. ఏడు కంతులు కట్టారు. ఇంకా 39,000 ఉంది. ఇంతలో ఆషాఢం వానలకు కప్పు కారింది.

మేస్త్రీ వచ్చి చూశాడు. "అక్కా, అంతా కలిపి 60,000 అవుద్ది" అన్నాడు.

ఈ మాట తెలిసి టౌను నుంచి ఒక వడ్డీ వ్యాపారి వచ్చాడు. "ఎందుకమ్మా ఈ అవస్థ? ఇంటి మీద లక్షన్నర ఇస్తాను. నూటికి రూపాయిన్నరే వడ్డీ. బ్యాంకు అప్పు నేనే కట్టేస్తాను. ఊళ్లోవాళ్ల బాకీ తీర్చెయ్యండి. ఇల్లు బాగు చేసుకోండి. నెలకు 2,250 ఇస్తే చాలు" అన్నాడు.

ఇప్పుడు వాళ్లు కడుతున్నది ఎంత? ఊళ్లో 3,000, బ్యాంకుకు 1,100. మొత్తం 4,100. అది 2,250కి దిగిపోతుందట! పైగా కొత్త కప్పు! ఎవరికి మాత్రం ఆశ పుట్టదు?

అప్పుడు అత్త అడిగింది. "అసలు ఎప్పటికి తీరుద్ది నాయనా?"

"అది మీకు ఎప్పుడు వీలైతే అప్పుడు పెద్దమ్మా."

అత్తకు అక్షరాలు రావు. కానీ అడగాల్సిన మాట ఆమే అడిగింది. ఆ 2,250 రూపాయలూ ఉత్త వడ్డీ. పదేళ్లు కడితే 2,70,000 రూపాయలు పోతాయి. పదేళ్ల తర్వాత కూడా లక్షన్నర అప్పు అలాగే ఉంటుంది. పాత పద్ధతిలో అయితే ఇంకో పదమూడు నెలలకు ఊళ్లో బాకీలు రెండూ మాఫీ.

ఇంకో సంగతి దీనికంటే ముఖ్యం. కావలసింది ఇంటి పనికి 60,000. కానీ వ్యాపారి మాట వింటే మిగతా 89,000 కూడా అతని ఖాతాలోకి పోతుంది. అందులో 39,000కు ఇప్పుడు వడ్డీయే లేదు. రేపటి నుంచి దానికి నెలకు 585 రూపాయలు పడుతుంది. బ్యాంకు 50,000కు నెలకు 500 ఉన్న వడ్డీ 750 అవుతుంది. పెద్దమనుషుల ముందు నిలబడి ఆపించుకున్న వడ్డీని తానే పిలిచి నెత్తిన పెట్టుకున్నట్టు కాదా?

పాత అప్పును మార్చడం ఎప్పుడూ తప్పు అని కాదు. నూటికి మూడు రూపాయల వడ్డీ ఇంకా నడుస్తూ ఉంటే, వడ్డీ ఆపడానికి వాళ్లు ఒప్పుకోకపోతే, బ్యాంకులో రూపాయి వడ్డీకి తెచ్చి దాన్ని తీర్చడం లాభమే. 40,000కు నెలకు 1,200 బదులు 400 పడుతుంది. అప్పుడు కూడా ఒకటి మరవకూడదు. ప్రోనోటు అప్పుకు ఇల్లు హామీ కాదు. తనఖా అప్పుకు ఇల్లే హామీ. కూలి దొరక్క కంతు ఆగితే ప్రోనోటు మనిషి వాకిట్లో నిలబడి అరుస్తాడు, లేదా కోర్టుకు పోతాడు. తనఖా అయితే నేరుగా ఇంటికే ఎసరు.

మరి కప్పు సంగతి? మేస్త్రీ చెప్పిన 60,000ను విడదీసి అడగాలి. వాసాలు, పెంకులు, కూలి కలిపి 25,000. గచ్చుకు 20,000. పూత, రంగులకు 15,000. వాన ఆగడానికి కావలసింది మొదటిదే. గచ్చు పగిలి ఉన్నా ఈ ఏడు గడుస్తుంది. రంగు లేకపోతే ఎవరూ తడవరు. పాత పెంకుల్లో బాగున్నవి ఏరి మళ్లీ వేయిస్తే ఇంకా కొంత కలిసి వస్తుంది.

25,000 పొదుపు సంఘంలో నూటికి రూపాయి వడ్డీకి తెచ్చుకున్నారనుకుందాం. నెలకు వెయ్యి అసలు, పైన వడ్డీ. మొదటి నెల వడ్డీ 250. రెండో నెల 240. ఇలా నెలకు పది రూపాయలు తగ్గుతూ పోతుంది. ఇరవై అయిదు నెలలకు మొత్తం వడ్డీ 3,250 రూపాయలు. ఇంటి కాగితాలు కదలవు.

నెలకు 1,250 ఎక్కడి నుంచి వస్తుంది? మళ్లీ ఆ పెద్దమనుషుల దగ్గరికే పోవాలి. కప్పు చూపించాలి. ఆరు నెలలు కంతు తగ్గించమని అడగాలి. 2,000 బదులు 1,500. వెయ్యి బదులు 500. ఒప్పుకుంటే నెలకు వెయ్యి మిగులుతుంది. పదమూడు నెలల్లో తీరేది పదహారు నెలలకు తీరుతుంది. మూడు నెలలు ఆలస్యం, అంతే. ఆరు నెలల తర్వాత భారం మళ్లీ పెరుగుతుంది. నెలకు 5,300 దాకా కావాలి. అప్పటికి సంక్రాంతి వస్తుంది. మిరప కోతలు మొదలవుతాయి. నాలుగు కూలి డబ్బులు ఎక్కువ వచ్చే కాలం అది.

ఈ మాట ముందే చెప్పాలి. చెప్పకుండా కొత్త అప్పు తెస్తే ఊళ్లో దాగదు. "మాకు కట్టడానికి లేదంది, కొత్త కప్పు వేసింది" అంటారు. ఆపిన వడ్డీ మళ్లీ అడుగుతారు.

కాగితంలో ఏముంది?

ఇల్లు తనఖా పెట్టక తప్పని రోజు రావచ్చు. అప్పుడు కాగితం మీద ఏ మాట ఉందో కూడబలుక్కుని అయినా చదవాలి. తొందరపెడితే రేపు సంతకం పెడతానని చెప్పి, కాగితం నకలు ఇంటికి తెచ్చుకోవాలి.

"తనఖా" అని ఉంటే ఇల్లు హామీగా పెట్టినట్టు. "స్వాధీన తనఖా", "భోగ్యం" అని ఉంటే ఇల్లు వాళ్ల చేతికి ఇచ్చినట్టు. "క్రయం", "విక్రయం" అని ఉంటే ఇల్లు అమ్మినట్టు. కొందరు వ్యాపారులు అప్పు ఇస్తూ క్రయ దస్తావేజు రాయించుకుంటారు. "ఊరికే హామీ కోసం అమ్మా, డబ్బు కట్టగానే తిరిగి రాసిస్తాను" అంటారు. ఆ మాట గాలికి పోతుంది, కాగితం నిలుస్తుంది. తిరిగి రాసివ్వాలనే షరతు అదే దస్తావేజులో లేకపోతే, చట్టం దాన్ని తనఖాగా చూడదు. వేరే తెల్లకాగితం మీద రాసిచ్చినా ఆ లోటు తీరదు.

వడ్డీ వ్యాపారికి ఇల్లు తనఖా పెడితే ఆ పత్రం రిజిస్టరు కావాలి. ఇద్దరు సాక్షులు సంతకం చేయాలి. ఆస్తి బదిలీకి 1882లో వచ్చిన చట్టం ఇంకా ఉంది. గడువు దాటితే ఇల్లు దానంతట అది అప్పిచ్చినవాడిది అయిపోతుందని తనఖా పత్రంలో రాసుకున్నా చెల్లదు. అతను కోర్టుకు పోయి తీర్పు తెచ్చుకోవాలి. ఈలోపు బాకీ కట్టి విడిపించుకునే హక్కు ఇంటివాళ్లకు ఉంటుంది. డబ్బు తీసుకోనని అతను మొండికేస్తే కోర్టులో జమ చేయవచ్చు.

బ్యాంకు పద్ధతి వేరు. 2002లో వచ్చిన చట్టం ప్రకారం, కంతులు ఆగిపోతే బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, ముందుగా కోర్టుకు పోకుండానే ఇల్లు స్వాధీనం చేసుకోవచ్చు. లక్ష రూపాయలకు మించని అప్పుకు ఈ చట్టం వర్తించదు. కాబట్టి బ్యాంకు నోటీసు వస్తే చూరులో దోపి మరిచిపోకూడదు. వెంటనే వెళ్లి మాట్లాడాలి.

ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలమైతే ఇంకో మెలిక ఉంది. పేదలకు ఇచ్చిన భూములు, ఇళ్ల స్థలాలు చేతులు మారకుండా 1977లో చట్టం వచ్చింది. బ్యాంకుకు, సహకార సంఘానికి తనఖా పెట్టడానికి వీలుంది. వడ్డీ వ్యాపారికి పెట్టడం వేరు. తర్వాత కొన్ని సవరణలు జరిగాయి. తమ పట్టాకు ఏది వర్తిస్తుందో తహసీల్దారు ఆఫీసులో అడిగి తెలుసుకోవాలి.

కంతు కట్టిన ప్రతిసారీ ప్రోనోటు వెనక చెల్లు రాయించాలి. తేదీ, కట్టిన మొత్తం, సంతకం ఉండాలి. చెల్లు వేస్తే అప్పిచ్చినవాడికీ మేలే. ప్రోనోటు మీద కోర్టుకు పోవడానికి మూడేళ్లే గడువు. కట్టినవాళ్ల సంతకంతో చెల్లు పడితే ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. అందుకే చెల్లు వేయమంటే అతను కాదనడు. ఇంట్లో కూడా ఒక నోటుబుక్కు పెట్టుకుని అదే లెక్క సొంత చేత్తో రాసుకోవాలి.

చివరి కంతు కట్టిన రోజునే ప్రోనోటు వెనక్కి తీసుకోవాలి. "బీరువాలో ఉంది, రేపిస్తాను" అంటే, బాకీ మొత్తం ముట్టిందని సంతకంతో రసీదు రాయించుకోవాలి. తనఖా రిజిస్టరు అయి ఉంటే, అప్పు తీరినట్టు కూడా రిజిస్టరు చేయించాలి. తర్వాత సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో ఈసీ తీయించి చూసుకోవాలి. ఇక బ్యాంకు సంగతి. 2023 డిసెంబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు ఒక నియమం పెట్టింది. అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల లోపల ఇంటి కాగితాలు తిరిగి ఇచ్చెయ్యాలి. బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున ఇంటివాళ్లకు బ్యాంకే చెల్లించాలి.