మీకు తెలుసా? వేమూరి యముడు, తెనాలి పద్యం

తెనాలిలో రేపల్లె బండి ఎక్కితే దారిలో వేమూరు తగులుతుంది. తెలుగు సినిమా మాటలు నేర్చుకుంటున్న రోజుల్లో తెరమీద దున్నపోతు దొర గర్జించింది ఈ ఊరి గొంతుతోనే. వేమూరి గగ్గయ్య 1895లో ఇక్కడే పుట్టారు. ఊరిపేరూ ఇంటిపేరూ ఒకటే కావడంతో పిలుపులోనే చిరునామా తెలిసిపోయేది.

1933లో కలకత్తాలో ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీ వారికి సి. పుల్లయ్య ‘సావిత్రి’ తీశారు. అందులో రామతిలకం సావిత్రి, గగ్గయ్య యముడు. ఆ తరవాత ‘శ్రీకృష్ణలీలలు’లో కంసుడు. ఈ కేకలన్నీ నాటకాల్లో సాధించినవే. మైకులేని పందిట్లో చివరి చాప మీద కూర్చున్నవాడికి కూడా పద్యం వినపడాలి, మాట విరగకూడదు. సినిమావాళ్లు గొంతుల కోసం నాటక కంపెనీల గుమ్మం తొక్కడంలో వింతేముంది?

పాటంతా ఒక్కచోట పోగయ్యే ఊళ్లు కొన్ని ఉంటాయి. అమెరికాలో నాష్‌విల్ అని ఒక ఊరుంది. అక్కడి పల్లెపాటను కంట్రీ సంగీతం అంటారు, ఆ వ్యాపారమంతా ఒక్క పేటలో పోగైంది. ఒకప్పుడు అవి మామూలు ఇళ్లున్న వీధులే. 1950ల మధ్యలో బ్రాడ్లీ అన్నదమ్ములు 16వ అవెన్యూలో ఇల్లు కొని, దానికి ఆనించి సైన్యం వాడే కమాను రేకుల షెడ్డు వేసి స్టూడియో పెట్టారు. 1957లో ఆర్‌సీఏ కంపెనీ స్టూడియో వచ్చింది. ఆ ఒక్కచోటే ఎల్విస్ ప్రెస్లీ 200కి పైగా పాటలు పాడాడు. పేట పేరు మ్యూజిక్ రో.

మన పద్యానికి అలాంటి చోటు ఏదంటే నేను తెనాలి పేరే చెబుతాను. బెజవాడవాళ్లు ఒప్పుకోరు, సరే. తెనాలిలో స్టూడియోల వరస లేదు, రామవిలాస సభ అనే నాటక సమాజం ఉండేది. దుర్యోధనుడికి పేరుపడ్డ మాధవపెద్ది వెంకట్రామయ్యదీ, స్త్రీ వేషాల స్థానం నరసింహారావుదీ ఆ సమాజమే. స్థానం వారిది బాపట్ల. 1920లో చంద్రమతి వేషగాడు రాకపోతే ఆ చీర ఈ పద్దెనిమిదేళ్ల కుర్రాడి మీద పడింది. ఆ చీరే 1956లో పద్మశ్రీ దాకా తీసుకెళ్లింది. ఆయన సత్యభామకు జోడీ కృష్ణుడు సుద్దపల్లి నుంచి వచ్చిన కల్యాణం రఘురామయ్య. నోట్లో వేలుపెట్టి పద్యాన్ని ఈలగా పాడేవారు కనక ‘ఈలపాట’ ఆయన ఇంటిపేరులా అతుక్కుపోయింది.

మరి రాసేవాళ్లు? హరిశ్చంద్ర నాటకం బలిజేపల్లి లక్ష్మీకాంతం గారిది, ఆయన పుట్టింది బాపట్ల దగ్గరి ఇటికంపాడు. అయితే కాటిసీనులో జనం కళ్లు తుడుచుకునే పద్యాలు కొన్ని ఆయనవి కావు. గుర్రం జాషువా శ్మశానవాటిక మీద రాసిన పద్యాలను నటులు తెచ్చి అందులో కలిపేసుకున్నారు. విన్నవాళ్లలో చాలామందికి ఆ అతుకు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు.

ఇక కాంట్రాక్టు నాటకాల సంగతి. పేరున్న నటులను తలా ఒక ఊరినుంచి కుదిర్చి, ఆ రాత్రికి ఒక స్టేజీ ఎక్కించడం కాంట్రాక్టరు పని. రిహార్సలుండదు. అందరికీ నాటకం కంఠతా వచ్చు, హార్మోనియం వాయించే ఆయనకు అందరి శ్రుతులూ తెలుసు, అంతే. టిక్కెట్టు బలం పెరగాలంటే ఒక్క కృష్ణుడు చాలడు. అందుకని తిరుపతి వేంకట కవుల పాండవ నాటకాల్లో కృష్ణులు ఇద్దరో ముగ్గురో ఉంటారు. పడకసీనులో నిద్రలేచే కృష్ణుడు ఒకరు, రాయబారానికి వెళ్లే కృష్ణుడు మరొకరు. ఒకాయన సన్నగా, ఇంకొకాయన బొద్దుగా. పందిట్లో ‘వన్స్‌మోర్’ కేకలు ఎవరికి ఎక్కువ పడ్డాయో మర్నాడు టీకొట్టు దగ్గర లెక్కతేలుతుంది. బావగారు సీను సీనుకీ మారిపోతున్నా అర్జునుడు మాత్రం ఏమీ అడగడు.