కొడవలి గట్టిదా? ఆకురాయి చెబుతుంది

సంతలో కొడవళ్లు కుప్ప పోసి ఉంటాయి. అన్నీ కొత్తవే. అన్నీ తళతళా మెరుస్తుంటాయి. ఏది గట్టిది? ఏది మెత్తది? చూపుకు తెలియదు. చేలోకి దిగాక తెలుస్తుంది. మెత్తదైతే పొద్దెక్కేసరికే మొండిబారుతుంది. లాగి లాగి మణికట్టు నొప్పి పుడుతుంది. గుత్తకు కోసే ముఠాలో ఆ మనిషి వెనకబడుతుంది. వెనకబడితే మాట పడాలి. ఇప్పుడు కోత మిషన్లు వచ్చాయి, నిజమే. కానీ పడిపోయిన చేనుకూ, గట్టు మీది గడ్డికీ ఇప్పటికీ కొడవలే దిక్కు.

కొనేముందే గట్టిదనం తెలుసుకోవచ్చు. ఒక చిన్న ఆకురాయి ఉంటే చాలు. కమ్మరి, వడ్రంగి ఇనుమును అరగదీసే పనిముట్టు ఇది. పేరులో రాయి ఉంది గానీ ఇది రాయి కాదు, బాగా గట్టి ఉక్కు.

గట్టి వస్తువు మెత్తని వస్తువును గీస్తుంది. మెత్తది గట్టిదాన్ని గీయలేదు. పరీక్ష అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది. ముందు ఆకురాయిని ఒక మేకు మీద రుద్ది చూడాలి. మేకును కూడా అది పట్టకపోతే ఆకురాయి అరిగిపోయిందన్నమాట. అరిగినది ప్రతి కొడవలినీ గట్టిదే అని చెబుతుంది. దాన్ని నమ్మకూడదు.

మంచి ఆకురాయిని కొడవలి అంచుకు దగ్గరగా, చదును చోట ఆనించాలి. కక్కుల కొడవలి అయితే పళ్ల మీద రుద్దకూడదు. పక్కన రుద్దాలి. బలం పెట్టకుండా ముందుకు తోయాలి. బరబరా పట్టి ఇనుప పొడి రాలిందా? అది మెత్తది. గాజు మీద జారినట్టు కీచుమని జారిపోయిందా? అది మరీ గట్టిది. కొంచెం పట్టీ పట్టనట్టు ఉంటే ఆ కొడవలి మంచిది. ఒక్క తోపుతో తేల్చకూడదు. కొలిమిలో కాలినప్పుడు ఉక్కు పై పొర మెత్తబడుతుంది. రెండు మూడు సార్లు రుద్దితేనే లోపలి సంగతి తెలుస్తుంది.

“ఏందమ్మా, సరుకు పాడు చేస్తావా?” అని అమ్మేవాడు కసురుకోవచ్చు.

“గోరంత చోట రుద్దుతానన్నా. బాగుంటే నాలుగు తీసుకుంటాం” అనండి. మంచి సరుకు ఉన్నవాడు కాదనడు.

మరీ గట్టిది ఎందుకు వద్దు? గట్టిదనం పెరిగితే పెళుసుదనం కూడా పెరుగుతుంది. రాయి తగిలితే అంచు పెచ్చు ఊడుతుంది. అందుకే అంచు గట్టిగా, వీపు మెత్తగా ఉండాలి. వీపు మీద కూడా ఒకసారి రుద్ది చూడండి. అక్కడ పొడి రాలితే మంచిదే.

ఇనుముకూ ఉక్కుకూ తేడా ఎక్కడుంది? బొగ్గులో ఉంది. బొగ్గులోని కర్బనం కొద్దిగా కలిస్తే ఇనుము ఉక్కవుతుంది. కిటికీ చువ్వల్లాంటి మెత్తని ఇనుము నూరు కిలోల్లో కర్బనం పావుకిలో లోపే. లారీ కమాను పట్టీలో అరకిలో దాటుతుంది. అందుకే కమ్మరులు పాత కమాను పట్టీ కోసం వెతుకుతారు. ఆకురాయిలో కిలో పైనే. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పూర్వం మూసల్లో కరిగించి ఇలాంటి గట్టి ఉక్కు చేసేవారు. ఇరాన్ వర్తకులు అంత దూరం నుంచి వచ్చి కొనుక్కుపోయేవారు.

మంచి ఉక్కు అయినంత మాత్రాన చాలదు. దానికి కొలిమిలో పదును పెట్టాలి. సాన మీద వచ్చే పదును వేరు, ఇది వేరు. ఉక్కును పండు మిరప రంగు వచ్చేదాకా కాలుస్తారు. అంత వేడిలో దానికి అయస్కాంతం అంటుకోదు. వెంటనే నీళ్లలో ముంచుతారు. ఉక్కు గాజులా గట్టిపడుతుంది, పెళుసవుతుంది. ఆ పెళుసు తీయడానికి మళ్లీ మెల్లగా వేడి చేస్తారు. తోమిన చోట రంగులు నడుస్తాయి. 230 డిగ్రీల దగ్గర ఎండుగడ్డి రంగు వస్తుంది. తర్వాత గోధుమ రంగు, ఊదా రంగు. 300 డిగ్రీల దగ్గర నీలం. రంగు ముదిరే కొద్దీ గట్టిదనం తగ్గుతుంది. ఏ రంగు దగ్గర ఆపాలో కమ్మరి కంటికి తెలుసు. అది ఏళ్ల తరబడి వచ్చిన విద్య.

ఫ్యాక్టరీల్లో కంటికి బదులు యంత్రం ఉంటుంది. అమెరికాలో రాక్‌వెల్ అనే ఇంటిపేరున్న ఇద్దరికి 1919లో దానిపై పేటెంటు వచ్చింది. సన్నని వజ్రపు మొనను ఉక్కులోకి నొక్కుతారు. ఎంత లోతు దిగిందో చూసి అంకె వేస్తారు. తక్కువ దిగితే ఎక్కువ అంకె. వంటింటి కత్తులకు మామూలుగా 50కీ 60కీ మధ్య వస్తుంది. మంచి ఆకురాయికి 60 దాటుతుంది.

ఇంకొక్క సంగతి. మంచి కొడవలి కూడా సాన చక్రం దగ్గర పాడవుతుంది. కరెంటు చక్రం మీద నొక్కి పడితే అంచు కాలి నీలం మచ్చ పడుతుంది. ఆ మచ్చ మేర పదును పోయినట్టే. అక్కడ ఆకురాయి పెడితే బరబరా పడుతుంది. “అన్నా, నీళ్లలో ముంచుతూ పట్టు” అని ముందే చెప్పాలి. చక్రం తిరిగినంతసేపూ పక్కనే నిలబడి చూడాలి. మచ్చ చిన్నదైతే అది పోయేదాకా చేతిసాన మీద నూరుకోవచ్చు. అంచంతా నీలమైతే మళ్లీ కొలిమికే తీసుకుపోవాలి.